మెయిల్ సర్వర్‌లో ‘పర్మిషన్ డినైడ్’ వస్తే 777 జోలికి పోకండి

కడపలోనో కర్నూలులోనో ఒక చిన్న ఆఫీసుకు సొంత మెయిల్ సర్వర్ కావాలంటే, ఉబుంటునో డెబియనో ఎక్కించి పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, తీసుకునేది), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ను దాచి యూజర్లకు చూపించేది) పెట్టేయడం మామూలే. ప్యాకేజీలు నిమిషాల్లో దిగిపోతాయి. తలనొప్పి ఆ తర్వాత, లాగ్‌లో ‘పర్మిషన్ డినైడ్’ కనబడినప్పుడు మొదలవుతుంది. విసుగొచ్చి ఫోల్డర్ మొత్తానికి చ్‌మాడ్ 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే కమాండ్) కొట్టేస్తే ఒక తప్పు పోయి నాలుగు పుడతాయి. మెయిల్ సాఫ్ట్‌వేర్ అనుమతి తక్కువైనా మొరాయిస్తుంది, ఎక్కువైనా మొరాయిస్తుంది.

ప్యాకేజీలు దించే ఏపీటీ దగ్గరే ఆగిపోతే పెద్ద విషయం కాదు. లాక్ ఫైల్ తెరవలేకపోయానంటూ 13 అనే నంబర్ చూపిస్తే సుడో (కమాండ్‌ను రూట్, అంటే అడ్మిన్ అధికారంతో నడిపేది) మరిచిపోయారు, అంతే. 11 చూపిస్తే వేరే ఏపీటీ నడుస్తోంది. కొత్త ఉబుంటు బూట్ అవగానే తనంతట తానే అప్‌డేట్లు వేసుకుంటుంది. అది అయ్యేదాకా గమ్మున ఉండండి, లాక్ ఫైల్‌ను మాత్రం చెరిపేయకండి.

అసలు పని లాగ్ చదవడం. /వార్/లాగ్/మెయిల్.లాగ్ తెరవండి, అది లేకపోతే జర్నల్‌సీటీఎల్ -యూ డవ్‌కాట్. ఈ విషయంలో డవ్‌కాట్‌ను మెచ్చుకోవాలి, ఏం కావాలో విడమరిచి చెబుతుంది. లైన్ చివర బ్రాకెట్‌లో ఇలా ఉంటుంది:

ఈయూఐడీ=5000(వీమెయిల్) మిస్సింగ్ +ఎక్స్ పర్మ్: /వార్/వీమెయిల్, డిర్ ఓన్డ్ బై 0:0 మోడ్=0700

ఎవరు అడిగారు: వీమెయిల్ అనే యూజర్. ఎక్కడ ఆగారు: /వార్/వీమెయిల్ దగ్గర. ఏం లేదు: ఎక్స్ బిట్. ఎందుకు లేదు: ఆ ఫోల్డర్ రూట్‌ది, 0700 కాబట్టి రూట్ తప్ప ఎవరూ లోపలికి పోలేరు. ఫోల్డర్‌కు ఎక్స్ అంటే రన్ చేయడం కాదు, దాటి లోపలికి పోవడం. వీధి గేటుకు తాళం వేసి ఉంటే లోపలి గది తలుపు తెరిచి ఉన్నా లాభం లేదు కదా. అందుకే చివరి ఫైల్ ఒక్కటే చూస్తే చాలదు. నేమ్‌ఐ -ఎల్ కమాండ్‌కు పూర్తి పాత్ ఇస్తే, పైనుంచి కిందిదాకా ఒక్కో ఫోల్డర్ ఓనర్, మోడ్ వరసగా చూపిస్తుంది. పై లైన్‌కు మందు ఇది (చౌన్ ఓనర్‌ను మారుస్తుంది, చ్‌మాడ్ మోడ్‌ను, అంటే అనుమతులను):

సుడో చౌన్ -ఆర్ వీమెయిల్:వీమెయిల్ /వార్/వీమెయిల్
సుడో చ్‌మాడ్ 770 /వార్/వీమెయిల్

తర్వాత సుడో -యూ వీమెయిల్ ఎల్ఎస్ /వార్/వీమెయిల్ అని ఆ యూజర్‌గానే పరీక్షించండి. రూట్‌గా చూస్తే అన్నీ తెరుచుకుంటాయి, దాంతో ఏమీ తేలదు.

పోస్ట్‌ఫిక్స్ లెక్క వేరు. దాని మాస్టర్ ప్రాసెస్ రూట్‌గా నడుస్తుంది, మిగతావాటిలో చాలావరకు పోస్ట్‌ఫిక్స్ యూజర్‌గా నడుస్తాయి. మామూలు యూజర్ పంపే మెయిల్‌ను క్యూలో వేసేది పోస్ట్‌డ్రాప్ ప్రోగ్రాం. దానికి సెట్‌జీఐడీ బిట్ (ఎవరు నడిపినా ప్రోగ్రాం తన గ్రూప్ హక్కులతో నడిచేలా చేసేది) ఉండాలి. ఆ బిట్ పోతే ‘క్రియేట్ ఫైల్ మెయిల్‌డ్రాప్... పర్మిషన్ డినైడ్’ అని వార్నింగ్ మళ్లీ మళ్లీ వస్తుంది. రూట్‌గా పంపితే మెయిల్ పోతుంది, వెబ్‌సైట్ నుంచో మామూలు యూజర్ నుంచో పోదు. ఇదే గుర్తు.

మొదట సుడో పోస్ట్‌ఫిక్స్ చెక్ కొట్టండి, ఎక్కడెక్కడ తేడా ఉందో చెబుతుంది. తర్వాత సుడో పోస్ట్‌ఫిక్స్ సెట్-పర్మిషన్స్. ఇన్‌స్టాల్ కాని ఏదో ఫైల్ దొరకలేదని అది మధ్యలో ఆగిపోతే చేత్తోనే సరిచేయాలి:

సుడో చౌన్ రూట్:పోస్ట్‌డ్రాప్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్/పోస్ట్‌డ్రాప్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్/పోస్ట్‌క్యూ
సుడో చ్‌మాడ్ 2755 /యూఎస్ఆర్/ఎస్‌బిన్/పోస్ట్‌డ్రాప్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్/పోస్ట్‌క్యూ

వరస తప్పకూడదు. చౌన్ చేసినప్పుడు సెట్‌జీఐడీ బిట్ ఎగిరిపోతుంది కాబట్టి చ్‌మాడ్ తర్వాతే రావాలి. స్పూల్ (క్యూ ఉండే /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్) లోపలి మెయిల్‌డ్రాప్, పబ్లిక్ ఫోల్డర్లకు ఓనర్ పోస్ట్‌ఫిక్స్, గ్రూప్ పోస్ట్‌డ్రాప్. మోడ్ మొదటిదానికి 730, రెండోదానికి 710. డెబియన్, ఉబుంటుల్లో 1730, 2710 అని కనబడినా కంగారు పడకండి, అక్కడ అవే సరైనవి. /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ మాత్రం రూట్ పేరు మీదే ఉండాలి. పోస్ట్‌ఫిక్స్ ఫోల్డరే కదా అని మొత్తాన్ని పోస్ట్‌ఫిక్స్ యూజర్‌కు రాసిచ్చేస్తే చెక్ గొడవ చేస్తుంది.

ఈ అనుమతులు చెడేది చాలాసార్లు కాపీ దగ్గర. ఎర్రగుంట్లలో ఒక బండల ఫ్యాక్టరీ ఆఫీసు ఉందనుకోండి. పాత కంప్యూటర్‌లోని మెయిళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కొత్తదాంట్లో దించారు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే లినక్స్ ఓనర్లు, మోడ్‌లు దాంట్లో నిలవవు. దించినవాళ్లే అన్నింటికీ ఓనర్లు అవుతారు. టార్‌గా కట్టి ఆ ఒక్క ఫైల్‌ను తీసుకెళ్లండి (ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు), రూట్‌గా -పీ ఆప్షన్‌తో విప్పండి. నెట్‌వర్క్ ఉంటే ఆర్‌సింక్ -ఏ ఇంకా మేలు. పోస్ట్‌ఫిక్స్ క్యూను కాపీ చేయొద్దు. పాతదాంట్లో క్యూ ఖాళీ అయ్యాకే మారండి.

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ కలిసేచోట, అంటే సాకెట్ (రెండు ప్రోగ్రాంలు మాట్లాడుకునే ఫైల్) దగ్గర, ‘ప్రైవేట్/డవ్‌కాట్-ఎల్ఎంటీపీ: పర్మిషన్ డినైడ్’ వస్తే ఆ సాకెట్ ఫైల్‌కు చ్‌మాడ్ కొట్టి లాభం లేదు. డవ్‌కాట్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ దాన్ని కొత్తగా పుట్టిస్తుంది. 10-మాస్టర్.కాన్ఫ్‌లో ఆ యూనిక్స్ లిజనర్ కింద మోడ్ 0600, యూజర్ పోస్ట్‌ఫిక్స్, గ్రూప్ పోస్ట్‌ఫిక్స్ అని రాయాలి. లాగిన్ కోసం వాడే ఆథ్ సాకెట్‌కూ ఇదే పద్ధతి, మోడ్ 0660.

కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ ప్రైవేట్ కీ 0600లో రూట్ పేరు మీద ఉంటే అలాగే ఉండనివ్వండి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ దాన్ని రూట్‌గా ఉన్నప్పుడే చదివేసుకుంటాయి, 644 చేయాల్సిన పనే లేదు. పోయే మెయిల్‌కు డిజిటల్ సంతకం పెట్టే ఓపెన్‌డీకిమ్ ఇంకా పట్టుదల మనిషి. కీని ఇతరులు చదవగలిగితే ‘కీ డేటా ఈజ్ నాట్ సెక్యూర్’ అని సంతకం పెట్టడమే మానేస్తుంది. కీ ఫైల్ 600, ఫోల్డర్ 700, ఓనర్ ఓపెన్‌డీకిమ్.

మోడ్‌లన్నీ సరిగ్గా ఉన్నా తిరస్కరిస్తుంటే పైన ఇంకో కాపలా ఉన్నట్టు. ఆల్మాలినక్స్, రాకీ అనే లినక్స్‌లలో అది ఎస్ఈలినక్స్, ఫైళ్లకు లేబుళ్లు వేసి కాపలా కాస్తుంది. సుడో ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ రీసెంట్ కొడితే బయటపడుతుంది. మెయిళ్లు మామూలు చోటే ఉంటే లేబుళ్లను సరిచేసే రిస్టోర్‌కాన్ -ఆర్‌వీ చాలు. మెయిళ్లను వేరే డిస్క్‌లో పెడితే సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో మెయిల్_స్పూల్_టీ లేబుల్ ఇచ్చి, ఆ తర్వాత రిస్టోర్‌కాన్. ఉబుంటులో ఇలాంటి కాపలాయే అయిన యాప్ఆర్మర్ అడ్డుపడితే కెర్నల్ లాగ్‌లో ‘డినైడ్’ అని దాని పేరుతోనే ఉంటుంది.

‘రిలే యాక్సెస్ డినైడ్’ 554 మాత్రం ఈ కోవలోది కాదు. అది ఫైళ్ల గొడవ కాదు, లాగిన్ కాకుండా బయటి డొమైన్‌కు మెయిల్ పంపుతున్నారని అర్థం. మెయిల్ క్లయింట్‌లో పోర్ట్ 587 పెట్టి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. దాన్ని వదిలించుకోవడానికి మైనెట్‌వర్క్స్‌లో (పోస్ట్‌ఫిక్స్ నమ్మే అడ్రస్‌ల జాబితా) 0.0.0.0/0, అంటే అందరినీ నమ్ము అని రాస్తే, లోకంలోని స్పామ్ అంతా మీ సర్వర్ మీదుగానే పోతుంది.