వ్యోమగామి కావాలంటే ముందు కాక్‌పిట్ ఎక్కాలి

మారతహళ్ళిలో మా డాబా మీద యుద్ధవిమానం మోత వినిపిస్తే చాలు, అక్క కొడుకు తడిబట్టలు బకెట్లోనే వదిలేసి ఆకాశం చూస్తూ నిలబడతాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

ఇంటర్లో ఎంపీసీ తీసుకుని, వాయుసేన పైలట్ అయ్యేందుకు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశపరీక్ష) రాయండి. అది పోతే డిగ్రీ అయ్యాక వాయుసేన పెట్టే ప్రవేశపరీక్ష ఆఫ్‌క్యాట్ ఉంది. అసలు టెన్షన్ పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్షతోనే. ఒకసారి ఫెయిలైతే జన్మలో మళ్ళీ రాయనివ్వరు. రాత్రంతా బస్సులో కూర్చుని, నిద్రకళ్ళతో మాత్రం వెళ్ళకండి.

తర్వాత ఏళ్ళ తరబడి విమానాలు నడిపి, బెంగళూరులోనే ఉన్న టెస్ట్ పైలట్ (కొత్త విమానాల్ని నడిపి పరీక్షించే పైలట్) స్కూల్లో సీటు కొట్టాలి. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే మన గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ టెస్ట్ పైలట్లే. వాళ్ళకు వైద్యపరీక్షలు జరిగింది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో.

ఓపిక కావాలి బాబూ. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్తే, 2025లో గానీ శుభాంశు శుక్లా వంతు రాలేదు.