పొరుగు రాష్ట్రంలో అద్దె కోసం ఫ్లాటు కొనే ముందు

భీమవరంలోనో అమలాపురంలోనో నివసిస్తూ హైదరాబాదులో ఫ్లాటు కొని అద్దెకు ఇవ్వదలచినవారు, 2014 నుండి అది వేరే రాష్ట్రమన్న సంగతి మరువకుండా, ఈసీని (ఆస్తిపై నమోదైన లావాదేవీలను, తాకట్టులను చూపే ధ్రువపత్రాన్ని) తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వద్ద, ప్రాజెక్టు నమోదును తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో సరిచూసుకోవాలి.

అసలు చిక్కు లెక్కలో ఉంటుంది. మన డెల్టాలో పొలం కౌలుకిస్తే ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటాము. సాగు ఖర్చు కౌలుదారుదే. ఫ్లాటు అటువంటిది కాదు. ఉదాహరణకు, 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22,000 రూపాయల అద్దె వస్తుందనుకుంటే, ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని భావించి 2,42,000 మాత్రమే రాబడిగా వ్రాసుకుని, అందులో నుండి యజమాని భరించే మెయింటెనెన్సు 36,000, ఆస్తిపన్నుకూ మరమ్మతులకూ మరో 20,000 తీసివేస్తే మిగిలేది 1,86,000, అంటే ఫ్లాటు ధరపై ఏడాదికి సుమారు 2.3 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులో కలపనే లేదు. బ్యాంకు రుణంతో కొనేవారు ఈ అంకె దగ్గరే ఒకసారి ఆగి, తాము కట్టబోయే వడ్డీ రేటుతో పోల్చి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే, అమ్మకందారు భారత నివాసి అయిన పక్షంలో, కొనుగోలుదారే 1 శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి.

అద్దె ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకు వ్రాసుకుంటారు. కుళాయి పాడైన ప్రతిసారీ రాత్రి రైలెక్కలేము గనుక, తాళంచెవి ఉంచుకుని మనిషిని పంపగలిగే బంధువునో, రుసుము తీసుకునే నిర్వాహకుణ్ణో కొనక మునుపే కుదుర్చుకోవాలి.