మొదటి గంట: మత్తు అలవాటుతో వచ్చినవారిని ఏం అడగాలి, మళ్ళీ వచ్చేలా ఎలా చూసుకోవాలి

మత్తు మాన్పించే సెంటర్‌లో కౌన్సెలర్‌గా మీ ఎదురుగా మనిషి కూర్చోగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత తాగుతారు’ కాదు, ‘ఆఖరిసారి ఎప్పుడు తాగారు’. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే 6 గంటలు దాటాక వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మూర్ఛ వచ్చేదుంటే సాధారణంగా 6 నుంచి 48 గంటల్లోపు వస్తుంది. ఎక్కడున్నదీ తెలియకపోవడం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం 2 నుంచి 4 రోజుల మధ్య రావచ్చు. ఈ స్థితిలో ప్రాణం కూడా పోవచ్చు.

అందుకే ఫారం తీయకముందే రెండు చేతులూ చాపి వేళ్ళు విడదీయమనండి. నాడి చూడండి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయేమో అడగండి. వణుకు బాగా ఉన్నా, నాడి 100 దాటినా, పాత ఫిట్స్ ఉన్నా ఆ రోజు కౌన్సెలింగ్ పక్కన పెట్టి విశాఖలోని కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆస్పత్రి) చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో పంపాలి. ఫిట్స్ వస్తుంటే, మాట తేడాగా ఉంటే నేరుగా క్యాజువాల్టీకే. చినవాల్తేరు పేరెత్తితే ‘నాకేం పిచ్చా’ అంటారు. వాదించకండి, ‘వణుకు తగ్గే మందులు అక్కడ ఉంటాయి, అందుకే’ అనండి చాలు.

ఇక్కడ ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఇంకొకటుంది. మనిషి నీరసపడ్డాడని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు. బాగా తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఇంటివాళ్ళకి ఈ మాట మొదటి రోజే చెప్పండి. అన్నంలో కలిపి తెలియకుండా పెట్టే ‘మందు మాన్పించే పొడి’ సంగతీ అడగండి. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

తాగి వచ్చినవాడికి ఆ రోజు ప్రశ్నలు అడిగి లాభం లేదు. కసిరి పంపకండి. మంచినీళ్ళిచ్చి, తోడెవరున్నారో చూసి, మర్నాడు ఉదయం రమ్మనండి. ఆ ఉదయానికే వణుకు మొదలవ్వచ్చు కాబట్టి చేతులు మళ్ళీ చూడండి.

ముందు అందరితో, తర్వాత ఒక్కడితో

ఒంటరిగా వచ్చేవాళ్ళు తక్కువ. భార్యో, తల్లో, బావమరిదో తీసుకొస్తారు. కథంతా వాళ్ళే చెప్తారు, అతను గుమ్మం వైపు చూస్తుంటాడు. 5 నిమిషాలు అందరి మాటా విని, వాళ్ళని బయట కూర్చోబెట్టి, అరగంట అతనితోనే మాట్లాడండి. అతను నోరు తెరవకముందే గోప్యత సంగతి తేల్చేయాలి: “మీరు చెప్పింది ఇంట్లోవాళ్ళకి గానీ, మీ కాంట్రాక్టరుకి గానీ చెప్పనండి. ప్రాణం మీదికొచ్చే పరిస్థితైతే మాత్రం చెప్పక తప్పదు.” మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో గోప్యత రోగి హక్కు. మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులూ ఆ చట్టం కిందికే వస్తాయి.

వయసెంతైనా ‘మీరు’ అనే మొదలుపెట్టండి. ‘తాగుబోతు’ అన్న మాట మీ నోట గానీ, మీ రిజిస్టర్‌లో గానీ ఉండకూడదు.

కొలత కుదరకపోతే స్కోరు తప్పు

మద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ఫారం (తాగే అలవాటుని మార్కుల్లో కొలిచేది) వాడండి. 10 ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు, మూడు నాలుగు నిమిషాల పని. అందులో ‘ఒక డ్రింకు’ అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన లెక్కలోకి మార్చుకుంటే విస్కీ, బ్రాందీ లాంటివి 30 మి.లీ. ఒక డ్రింకు. 90 మి.లీ. చిన్న సీసా (నిప్) మూడు, 180 మి.లీ. క్వార్టర్ ఆరు. ఇద్దరు కలిసి ఒక క్వార్టర్ కటింగ్ వేసుకుంటే మనిషికి మూడు. 650 మి.లీ. బీరు 5 శాతానిదైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు.

రెండో ప్రశ్నలో క్వార్టర్ తాగేవాడికి 2 మార్కులు పడితే, ‘బీరే కదండీ’ అంటూ రెండు స్ట్రాంగ్ బీర్లు తాగేవాడికి 3 పడతాయి. కొత్త కౌన్సెలర్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పెగ్గులనో సీసాలనో డ్రింకులుగా రాసేస్తారు.

‘రోజూ తాగుతారా’ అంటే ‘లేదండీ, అప్పుడప్పుడూ’ అనే జవాబొస్తుంది. నిన్నటి నుంచి వెనక్కి వెళ్ళండి: నిన్న, మొన్న, ఆదివారం, జీతం రోజు. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో సి షిఫ్ట్ చేసేవాళ్ళ దగ్గర ఆరో ప్రశ్న జాగ్రత్త. పొద్దున్నే మందు పడితే గానీ పని మొదలుపెట్టలేకపోతున్నారా అన్నది ఆ ప్రశ్న. నైట్ డ్యూటీ దిగి ఏడింటికి తాగి పడుకునేవాడికి అది సాయంత్రంతో సమానం. ‘నిద్ర లేచాక’ అని మార్చి అడగండి. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చినవాళ్ళనైతే “బోటులో సరుకు అయిపోతే మర్నాడు ఒళ్ళెలా ఉంటుంది?” అనండి. వణుకు సంగతి దానంతటదే బయటికొస్తుంది.

7 మార్కుల దాకా అయితే సమాచారం చాలు. 8 నుంచి 15 వస్తే సూటిగా సలహా, 16 నుంచి 19 వస్తే కొన్ని వారాల కౌన్సెలింగ్, 20 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు పరీక్ష. మార్కులు తక్కువున్నా గర్భిణి అయితే, కాలేయం జబ్బుంటే ఈ లెక్క వర్తించదు, పూర్తిగా మానమనే చెప్పాలి.

పొగాకు, గంజాయి, మత్తు మాత్రలు, ఇంజక్షన్లు కూడా ఉన్నాయనిపిస్తే, ఒక్కో మత్తుకి విడిగా మార్కులు వేసే అసిస్ట్ ఫారం తీయండి. మద్యానికి 11 మార్కుల నుంచి, మిగతావాటికి 4 నుంచి మధ్యస్థ ప్రమాదం. దేనికైనా 27 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం. అందులో మొదట వచ్చేది పొగాకు, అదీ మంచిదే. పొగాకు గురించి చెప్పినవాళ్ళు తర్వాతివీ చెప్తారు. తీరం వెంబడి పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళని ‘సిగరెట్ తాగుతారా’ అంటే లేదంటారు. ‘చుట్ట తాగుతావా అమ్మా, అడ్డపొగా?’ అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి అంగిలి కూడా చూపించుకోమనండి.

కాలేజీ కుర్రాళ్ళని ‘గంజాయి తాగుతావా’ అంటే స్టేషన్‌లో అడిగినట్టుంటుంది. ‘ఇవి వచ్చినవాళ్ళందరినీ అడిగేవే’ అని చెప్పి వరసలో అడగండి. పోలీసు భయం ఉన్నవాళ్ళకి మత్తుమందుల చట్టం (ఎన్డీపీఎస్), 1985లోని 64ఎ సెక్షన్ గురించి చెప్పవచ్చు. వాడకం కేసులో, లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే అది పోవచ్చు. కేసు ఇప్పటికే ఉంటే మీరు హామీ ఇవ్వకండి, లాయరును కలవమనండి.

స్కోరు చెప్పాక

‘మీ స్కోరు 17, ఇలాగైతే లివరు పోతుంది’ అంటే అతను భార్య నోట వెయ్యిసార్లు విన్నదే మళ్ళీ విన్నట్టు. ముందు అనుమతి అడగండి: “మీరు చెప్పినవి కలిపితే 17 వచ్చింది. దాని అర్థం చెప్పమంటారా?” చెప్పాక ‘మీకేమనిపిస్తోంది’ అని ఆగండి. ఆ మౌనాన్ని మీరు నింపకండి.

తర్వాత సున్నా నుంచి పది వరకు, మానడం ఎంత ముఖ్యమో అడగండి. ‘నాలుగు’ అన్నాడనుకోండి. ‘పది ఎందుకు కాదు’ అంటే తాగడానికి కారణాలు చెప్తాడు. ‘ఒకటో రెండో అనకుండా నాలుగెందుకన్నారు’ అంటే మానడానికి కారణాలు తనే చెప్తాడు. అతని మాటనే తిరిగి చెప్పండి: ‘పాప స్కూలుకి మీరు తాగి వెళ్ళిన రోజు మీకింకా గుర్తుంది.’

అయ్యప్ప మాల ఎప్పుడైనా వేశారా అని తప్పక అడగండి. 41 రోజులు చుక్క ముట్టనివాడికి మానడం వచ్చు. ఆ రోజుల్లో సాయంత్రాలు ఏం చేశాడు, ఎవరితో తిరిగాడు, మాల తీసిన రోజు ఏమైంది అన్నవాటి నుంచే ప్రణాళిక వస్తుంది. కొత్తగా మాల వేసుకుని మానేద్దామనేవాడికి వణుకు చరిత్ర ఉంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి పంపండి.

పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించడం ఇంటివాళ్ళకి అలవాటు. ఆపమనండి. ఒట్టు తప్పినవాడు సిగ్గుతో మీ దగ్గరికి రావడం మానేస్తాడు. దాని బదులు వారానికి సరిపడా చిన్న ఒప్పందం చేసుకోండి: ఫలానా రెండు రోజులు షాపున్న దారిలో రాకపోవడం, జీతం ఏటీఎం కార్డు ఇంట్లో ఇవ్వడం.

తర్వాతి తేదీ వారం దాటకూడదు, షిఫ్ట్ చార్టు చూసి రాయాలి. బోట్లు కట్టేసి ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా హార్బర్ వాళ్ళకి వారం వారం కుదురుతుంది. మళ్ళీ వేట మొదలయ్యాక బోటు తిరిగొచ్చే రోజుని బట్టి ఇవ్వండి. మధ్యలో అవసరమైతే చేసుకోడానికి మత్తు మానేవాళ్ళ కోసం ఉన్న 14446 హెల్ప్‌లైన్ నంబరు చీటీ మీద రాసివ్వండి. రాకపోతే రెండు రోజుల్లో ఫోన్ చేయండి. ఏ నంబరుకి, ఏ వేళ, ఎవరని చెప్పి చేయాలో మొదటి రోజే అతన్నే అడిగి రాసుకోవాలి. వేరేవాళ్ళు ఎత్తితే సెంటర్ పేరు చెప్పకుండా, మళ్ళీ చేస్తానని పెట్టేయండి.