సస్కాచెవాన్‌లో పొలం మెషిన్ల పనికి వస్తున్నవారికి

మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ట్రాక్టర్లు, కోత మిషన్లు బాగుచేసిన అనుభవంతో కెనడాలోని సస్కాచెవాన్‌కు వచ్చేవాళ్లు మొదట అడిగేది చలి గురించే. దానికి బట్టలున్నాయి. ముందు తెలుసుకోవాల్సింది ఇక్కడి పనికాలం. ఏప్రిల్ చివర్లో నేల ఆరడం మొదలైతే, మే నెలాఖరుకల్లా విత్తడం దాదాపు అయిపోవాలి. ఆగస్టులో మొదలయ్యే కోతలు అక్టోబరులో మంచు ముంచుకొచ్చేలోపు ముగియాలి. ఖరీఫ్ పోయినా రబీ ఉందిలే అనుకోవడానికి లేదు, ఏడాదికి ఒకటే పంట. వేల ఎకరాల రైతు కూడా ఆ కొద్ది వారాల్లోనే అంతా కోసుకోవాలి. కంబైన్ (పంట కోసి నూర్చే మిషన్) ఆగిందని రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఆయన మాట కాస్త కటువుగానే ఉంటుంది, మనసులో పెట్టుకోకండి.

అందుకే అసలు మెయింటెనెన్స్ చలికాలంలో, డీలరు షాపులో జరుగుతుంది. మీ చేతుల్లో ఉంటే డిసెంబరులోనో జనవరిలోనో చేరండి. కోతల మధ్యలో చేరినవాళ్లకు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. జనవరిలో ఒక కంబైన్‌ని షాపులోకి తెచ్చారంటే, సీనియర్ మెకానిక్ ముందు పానా పట్టుకోడు. బెల్టు వదులు చేసి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పుతూ బేరింగ్ గరగరలాడుతోందా అని వింటాడు. ముందుండే కోత భాగం హెడర్ నుంచి పంటను లోపలికి లాగే చెయిన్ ఎంత సాగిందో, దాని పట్టీలు వంగాయో లేదో చూస్తాడు. గింజ రాల్చే రోటర్‌కీ, దాని కింద జల్లెడలా ఉండే కాంకేవ్‌కీ మధ్య సందు కుడిపక్క, ఎడమపక్క కొలుస్తాడు. రెండూ తేడాగా ఉంటే గింజ ఒకపక్క పగులుతుంది, ఇంకోపక్క కంకిలోనే మిగిలిపోతుంది. ప్రతిదీ కాగితం మీద రాస్తాడు. ఆయన పక్కన నిలబడి ఆ కాగితం నింపే పని మీరు అడిగి తీసుకోండి. కోతల్లో ఏది ముందు ఆగుతుందో అక్కడే సగం తెలిసిపోతుంది.

సెలవుల లెక్క కూడా దీన్ని బట్టే. సంక్రాంతికి ఇంటికి వెళ్తానంటే ముందే చెబితే సర్దుతారు. దసరాకి అడగకండి.

ఇక హోదా సంగతి. మన దగ్గర సర్వీస్ ఇంజినీర్ అని కార్డు మీద వేసుకుంటాం. ఇక్కడ ‘ఇంజినీర్’ అన్నది చట్టం కాపాడే హోదా. రాష్ట్ర ఇంజినీర్ల సంఘం ఏపెగ్స్‌లో నమోదై లైసెన్సు పొందితే తప్ప ఆ పేరు వాడకూడదు. లింక్డిన్‌లో కూడా జాగ్రత్త. డిగ్రీని మదింపుకి పంపి, ఇంజినీర్ ఇన్ ట్రెయినింగ్‌గా నమోదై ఆ దారిలో వెళ్లొచ్చు. షాపులో మాత్రం విలువ ఎక్కువగా ఉండేది అగ్రికల్చరల్ ఎక్విప్‌మెంట్ టెక్నీషియన్ ట్రేడ్ సర్టిఫికెట్‌కి. రెడ్ సీల్ ముద్ర ఉంటే కెనడాలో ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. నా మాట అడిగితే, రెండు దారులూ తెరిచి ఉంచుకోండి. ఇండియాలో చేసిన పనికి గంటలతో సహా అనుభవపత్రాలు రాయించుకుని రండి. వచ్చాక పాత యజమాని చేత రాయించడం చాలా కష్టం.

చాలామందికి తగిలే మొదటి షాక్ పనిముట్లు. పానాలు, సాకెట్లు మెకానిక్ సొంతంగా కొనుక్కోవాలి, అదీ అంగుళాల సెట్టు, మిల్లీమీటర్ల సెట్టు రెండూ. పనిముట్ల వ్యాను షాపుల దగ్గరికే వస్తుంది, వాయిదాల్లో కట్టుకోవచ్చంటారు. మొదటి జీతాలు దానికే పోతాయి. రోజూ వాడేవి మాత్రమే మంచివి కొని, మిగతావి సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోండి. పనిముట్లకు కంపెనీ ఏమైనా ఇస్తుందా అని ఆఫర్ లెటర్ సంతకం పెట్టకముందే అడగాలి.

సర్వీస్ ట్రక్కులో పొలానికి వెళ్లే రోజు ఇంకో చిక్కు వస్తుంది. రైతు ఊరి పేరు, వీధి పేరు చెప్పడు. “సౌత్‌వెస్ట్ 22, 30, 10, వెస్ట్ ఆఫ్ థర్డ్” అని ఫోన్ పెట్టేస్తాడు. మన సర్వే నంబరు లాంటిదే, కాకపోతే దీంతో దారి కూడా దొరుకుతుంది. చివర్నుంచి చదవండి. మూడో మెరిడియన్ రేఖకు పడమర, అక్కడి నుంచి పదో రేంజ్ (నిలువు వరస), అమెరికా సరిహద్దు నుంచి ఉత్తరానికి ముప్పయ్యో టౌన్‌షిప్, అందులో 22వ సెక్షన్, దాని నైరుతి మూల. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్లకు ఆరు మైళ్లు, 36 సెక్షన్లు. సెక్షన్ చదరపు మైలు, 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు క్వార్టర్, 160 ఎకరాలు. మట్టిరోడ్లు ఉత్తర దక్షిణాలుగా మైలుకొకటి, తూర్పు పడమరలుగా రెండు మైళ్లకొకటి ఉండేలా గీశారు. సిగ్నల్ పోయినా రోడ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోవచ్చు. ఎదురొచ్చే బండివాడు స్టీరింగ్ మీద నుంచి వేలెత్తితే పలకరింపు, మీరూ ఎత్తండి.

ప్రమాదాల్లో కొత్తవాళ్లు తేలిగ్గా తీసుకునేది హైడ్రాలిక్ లీకు. పైపుకి కంటికి కనపడని చిల్లు పడితే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. గంటల్లో చెయ్యి పాడైపోతుంది, ఆపరేషన్ చెయ్యాల్సిందే. లీకు వెతకాలంటే అట్టముక్క వాడండి, చెయ్యి పెట్టకండి. తగిలిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, లోపలికి నూనె పోయిందని స్పష్టంగా చెప్పండి. హెడర్ కిందికి దూరేముందు సిలిండర్ మీద సేఫ్టీ స్టాప్ దించారో లేదో మీ కళ్లతో చూసుకోండి, ఇంకొకరి మాట నమ్మకండి. పీటీఓ (ట్రాక్టర్ నుంచి వెనక పరికరానికి శక్తినిచ్చే కడ్డీ) తిరుగుతుండగా దగ్గరికి పోవద్దని మన దగ్గరా చెబుతారు, ఇక్కడ జాకెట్లు, మఫ్లర్లు ఉంటాయి కాబట్టి ఇంకా ప్రమాదం.

చలి గురించి పనికొచ్చేవి రెండే. డీజిల్ పొగను శుభ్రం చేయడానికి పోసే డీఈఎఫ్ ద్రవం మైనస్ 11 డిగ్రీలకు గడ్డకడుతుంది, చలికాలం డబ్బాను ట్రక్కులో వదిలేయకండి. మీ కారుకి బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే కరెంటు హీటర్) ఉండాలి, మైనస్ 30లో రాత్రంతా ప్లగ్గు పెట్టకపోతే పొద్దున్నే ఇంజిన్ మొరాయిస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయంలో రైతులకు ఎప్పట్నుంచో కోపం ఉంది. లోపం కోడ్ చదవాలన్నా డీలరు లాప్‌టాప్ రావాల్సి వస్తోందని వాళ్ల గొడవ. మరమ్మతు కోసం కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి వేసిన డిజిటల్ తాళం తీయడం తప్పు కాదని 2024 నవంబరులో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. తాళం తీసే సాధనం మాత్రం కంపెనీ ఇచ్చి తీరాలని అందులో లేదు. ఆ లాప్‌టాప్‌తో వెళ్లేది మీరే కాబట్టి ఆ కోపం మీ మీదా పడుతుంది. వాదించకండి, కోడ్ అర్థమేంటో, ఏం మార్చారో రైతుకి విప్పి చెప్పండి. చాలావరకు చల్లబడతారు.

యజమానిని ‘సార్’ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవడమే పద్ధతి. నోరు తిరగడానికి కొన్నాళ్లు పడుతుంది. గడియారాలు ఇక్కడ ఎండాకాలం, చలికాలం మార్చరు కాబట్టి ఇండియాకి తేడా ఏడాదంతా పదకొండున్నర గంటలే. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే అమ్మావాళ్లకు పొద్దున ఎనిమిది. మసూర్ పప్పుకి కొదవ లేదు, ఇండియాకి ఎగుమతయ్యే పప్పు పండేది ఈ నేలలోనే. కానీ కందిపప్పు, ఇంగువ, చింతపండు సస్కటూన్‌లోనో రెజైనాలోనో కొని నిల్వ చేసుకోవాలి, చిన్న ఊళ్లలో దొరకవు. కోతల రోజుల్లో రైతు ఇంటివాళ్లు పొలానికే భోజనం తెస్తారు, మెకానిక్‌కి కూడా పెడతారు. అందులో తరచుగా గొడ్డుమాంసం ఉంటుంది. తినకపోతే మొహమాటపడకుండా ముందే చెప్పండి, ఏమీ అనుకోరు. మరో పొలానికి వెళ్లినప్పుడు అక్కడా మళ్లీ చెప్పాలి.