పవర్ స్టేషన్ పేటెంట్‌కి ఎఫ్‌ఈఆర్ వచ్చిందా? ఏ అభ్యంతరం ఎందుకొస్తుంది, దానికి ఏం చెయ్యాలి

మాడ్యూళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని అవసరాన్ని బట్టి పెంచుకునే పోర్టబుల్ బ్యాటరీ పవర్ స్టేషన్ అంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందుకింత ఆసక్తో వేరే చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ చూసినవాళ్లం. తిత్లీ తర్వాత పలాస, ఉద్దానం ఊళ్లలో కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన జనానికి, ఇద్దరు మనుషులు మోసుకెళ్లి పెట్టగలిగే బ్యాటరీ విలువేంటో తెలుసు. అందుకే కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టినవాళ్లూ, చిన్న వర్క్‌షాపులో వెల్డింగ్ పక్కనే బ్యాటరీ ప్యాక్‌లు కట్టేవాళ్లూ పేటెంట్ దాకా వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. కానీ చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి మొదటి పరిశీలన నివేదిక, అదే ఎఫ్‌ఈఆర్, రాగానే చాలామంది అయిపోయింది అనుకుని ఫైలు మూసేస్తున్నారు. అది తిరస్కరణ కాదు. ఎగ్జామినర్ ప్రశ్నలు వేశారు, మీరు జవాబు చెప్పాలి, అంతే. ఏ ప్రశ్న ఎందుకొచ్చిందో పట్టుకుంటే జవాబు దొరుకుతుంది.

ఎఫ్‌ఈఆర్ మెయిల్ వచ్చింది, ఏజెంటు "చూద్దాం" అంటున్నారు

ముందు తేదీ చూడండి. ఎఫ్‌ఈఆర్ జారీ అయిన రోజు నుంచి ఆరు నెలల్లో జవాబు పడాలి. ఇంకో మూడు నెలలు కావాలంటే ఆ ఆరు నెలలు అయిపోకముందే ఫారం 4 ఫీజుతో వెయ్యాలి. ఏదీ చెయ్యకపోతే పేటెంట్ చట్టం సెక్షన్ 21 కింద అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క, ఎవరూ ఫోన్ చేసి గుర్తుచెయ్యరు. అసలు ఎఫ్‌ఈఆరే రాలేదు అనేవాళ్లు పరీక్ష కోసం ఫారం 18 వేశారో లేదో చూసుకోండి. 2024 మార్చి 15 తర్వాత వేసిన అప్లికేషన్లకి ఆ గడువు 48 నెలల నుంచి 31 నెలలకి తగ్గింది, పాత లెక్క పట్టుకుని కూర్చుంటే అప్లికేషన్ దానంతటదే వెనక్కి తీసుకున్నట్టయిపోతుంది. తొందరగా కావాలంటే గుర్తింపు ఉన్న స్టార్టప్‌లు, మహిళా దరఖాస్తుదారులు, చిన్న పరిశ్రమలు ఫారం 18ఏ వెయ్యొచ్చు.

"క్లెయిమ్ 1లో ఉన్నదంతా డీ1లో ఉంది, కొత్తదనం లేదు"

క్లెయిమ్ అంటే మీరు దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం. డీ1 అంటే ఎగ్జామినర్ వెతికి తీసిన మొదటి పాత పత్రం, డీ2 అంటే రెండోది. ఇది రావడానికి ఎక్కువసార్లు కారణం మీ ఆవిష్కరణ పాతదవడం కాదు, మీ క్లెయిమ్ 1 మరీ బోడిగా ఉండడం. "ఒక బాడీ, కనీసం రెండు విడదీయగల బ్యాటరీ మాడ్యూళ్లు, ఒక ఇన్వర్టర్, ఒక బీఎంఎస్, ఔట్‌పుట్ సాకెట్లు ఉన్న పోర్టబుల్ పవర్ స్టేషన్" అని రాస్తే (బీఎంఎస్ అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్), అలాంటి వర్ణనకి సరిపోయే పత్రాలు పేటెంట్ డేటాబేసుల్లో కుప్పలుగా ఉన్నాయి. పవర్ టూల్ బ్యాటరీలు, స్కూటర్ల స్వాపింగ్ బ్యాటరీలు కూడా ఆ వలలోనే పడతాయి.

పరిష్కారం ఓపికతో కూడింది. మీ క్లెయిమ్‌ని ముక్కలు చేసి ఎడమవైపు రాయండి, ఒక్కో ముక్కకి ఎదురుగా డీ1లో ఏ పేరాలో, ఏ బొమ్మలో అది ఉందని ఎగ్జామినర్ చెప్పారో రాయండి, తర్వాత డీ1ని మీరే మొదటి నుంచి చివరిదాకా చదవండి. సారాంశం చదివి వదిలెయ్యొద్దు. ఎగ్జామినర్ "లాకింగ్ మెకానిజం" అని చూపించినచోట నిజానికి ఒక మామూలు క్లిప్ మాత్రమే ఉండొచ్చు. డీ1 ప్రచురణ తేదీ మీ ప్రయారిటీ తేదీకి (సాధారణంగా మీరు మొదటిసారి అప్లికేషన్ వేసిన రోజుకి) ముందుదో కాదో కూడా చూడండి, చిన్న విషయమే కానీ మొత్తం వాదన దాని మీదే నిలబడిన సందర్భాలుంటాయి. ఖాళీగా మిగిలిన గడి ఏదైతే ఉందో, అదే మీ క్లెయిమ్ 1లోకి రావాలి.

ఒక్కోసారి డీ1 మీదే అవుతుంది. అప్లికేషన్ వెయ్యకముందే యూట్యూబ్‌లో వీడియో పెట్టారు, కాలేజీ టెక్ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టారు, పేపర్లో ఫొటోతో వార్త వచ్చింది. ఇది అన్నింటికంటే బాధ కలిగించే కేసు, ఎందుకంటే తెలివితేటలకి లోటు లేదు, ఉత్సాహమే దెబ్బకొట్టింది. సెక్షన్ 31 కింద పన్నెండు నెలల మినహాయింపు ఉంది కానీ అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌కి, విద్వత్సంఘం ముందు చదివిన పేపర్ లాంటివాటికే, మీ ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కి కాదు. జనం మధ్యలో తప్ప పరీక్షించలేని వస్తువైతే, పరీక్ష కోసమే వాడి ఉంటే, సెక్షన్ 32 చూడండి, దానికీ ఏడాదే. ఇంకా వెయ్యనివాళ్లు ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక అప్లికేషన్) వెయ్యండి, స్టాల్ తర్వాత పెట్టండి. పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరాలన్నీ రాసిన పత్రం) వెయ్యడానికి పన్నెండు నెలలుంటాయి.

"డీ1, డీ2 కలిపితే ఈ రంగంలో ఎవరైనా చేస్తారు" + "సెక్షన్ 3(ఎఫ్)"

ఈ రెండూ జంటగా వస్తాయి, మాడ్యులర్ వస్తువు మీద దాదాపు తప్పకుండా వస్తాయి, కాబట్టి ఎక్కువ సేపు ఇక్కడే ఆగుదాం. సెక్షన్ 3(ఎఫ్) చెప్పేదేంటంటే, తెలిసిన పరికరాలని పక్కపక్కన పెట్టి, లేదా అటూ ఇటూ మార్చి, లేదా ఒకటికి రెండు పెట్టి, ప్రతిదీ దాని పాత పని అది విడిగా చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదని. సుప్రీంకోర్టు 1978లోనే బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో, లేత్ మీద పాత్రలు తిప్పేటప్పుడు పట్టి ఉంచే పరికరం గురించి, అది వర్క్‌షాపులో నైపుణ్యం ఉన్నవాడు చేసుకునే మార్పే తప్ప కనిపెట్టినది కాదని పేటెంట్ కొట్టేసింది. ఎగ్జామినర్లు చూసే చూపు ఇప్పటికీ అదే.

కారణం ఒక్కటే. మన స్పెసిఫికేషన్లు సామాన్ల జాబితాలా ఉంటాయి. సెల్స్ ఉన్నాయి, ఫ్యాన్ ఉంది, డిస్‌ప్లే ఉంది, చక్రాలున్నాయి, సోలార్ ఇన్‌పుట్ ఉంది. ఏది దేని మీద ఎలా పనిచేస్తుందో ఎక్కడా ఉండదు. అలాంటప్పుడు ఎగ్జామినర్ డీ1లో పేర్చే మాడ్యూళ్లు, డీ2లో బీఎంఎస్ చూపించి, రెండూ కలిపితే మీదే కదా అంటారు, కాదనడానికి కాగితం మీద ఏమీ ఉండదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ నామినల్ వోల్టేజ్ 3.2, పదహారు వరసలో కడితే 51.2 వోల్టులు. ఇలాంటి రెండు మాడ్యూళ్లు, ఒకటి నిండుగా, ఒకటి సగం ఖాళీగా ఉన్నప్పుడు సమాంతరంగా కలిపారనుకోండి. మధ్యలో తేడా 2 వోల్టులు, మొత్తం దారిలో నిరోధం 20 మిల్లీ ఓములు అయితే, కలిపిన క్షణంలో 100 ఆంపియర్లు ఒక మాడ్యూల్ నుంచి ఇంకోదానిలోకి దూకుతాయి. కనెక్టర్ దగ్గర నిప్పురవ్వ, కాలిన కాంటాక్ట్, ఒక్కోసారి పాడైన మాస్‌ఫెట్ (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్). మాడ్యులర్ పవర్ స్టేషన్ చేసే ప్రతివాళ్లూ ఎదుర్కొనే సమస్య ఇది. దీనికి ప్రీచార్జ్ రెసిస్టర్, అంటే కరెంటు ఒక్కసారిగా దూకకుండా మొదట కొంచెం కొంచెంగా వదిలే నిరోధకం, పెట్టడం పాత విషయం. చిన్న పిన్ చివర తగిలి ముందు విడిపోయేలా కనెక్టర్ చెయ్యడమూ పాతదే. ఇవి రెండూ పెట్టాం అని రాస్తే 3(ఎఫ్) ఖాయం.

అదే మీ డిజైన్‌లో, మాడ్యూల్ పక్కన ఉన్న పిడి తిప్పితేనే మెయిన్ కాంటాక్ట్ కలుస్తుంది, రెండు వైపులా వోల్టేజ్ తేడా నిర్ణయించిన హద్దులోకి వచ్చేదాకా సోలినాయిడ్ (కరెంటుతో కదిలే గడియ) ఆ పిడిని పూర్తిగా తిరగనివ్వదు, పిడి సగం తిరిగినప్పుడు ప్రీచార్జ్ దారి కలుస్తుంది, పూర్తిగా తిరిగేటప్పుడు అదే కదలిక కింది మాడ్యూల్ గాలి ద్వారాన్ని పై మాడ్యూల్ ద్వారానికి కలుపుతుంది అనుకోండి. ఇప్పుడు లాక్ విడిగా లేదు, బీఎంఎస్ విడిగా లేదు, చల్లబరిచే దారి విడిగా లేదు. ఒకదాని స్థితి ఇంకోదాన్ని శాసిస్తోంది. తుఫాను రాత్రి టార్చి వెలుగులో, కరెంటు పని తెలియని మనిషి తప్పు క్రమంలో కలపాలన్నా కలపలేడు. ఇలాంటిదానికి పేటెంట్ గ్యారంటీ అని చెప్పలేం, వెతుకులాటలో ఏం బయటపడుతుందో దాన్ని బట్టి ఉంటుంది, కానీ వాదించడానికి నేల దొరుకుతుంది.

జవాబు రాసేటప్పుడు ఈ వరస పాటించండి. డీ1కి దగ్గరగా ఉన్నదేంటో ఒప్పుకోండి, తేడా ఏంటో చెప్పండి, ఆ తేడా వల్ల సాంకేతికంగా ఏం మారిందో కొలతతో చెప్పండి, డీ1 చదివిన ఇంజనీరుకి డీ2 వైపు చూడాలనే కారణం ఎందుకు ఉండదో చెప్పండి. "మా ఉత్పత్తి వినూత్నమైనది, తక్కువ ధర, పర్యావరణానికి మేలు" లాంటి వాక్యాలు ఎన్ని రాసినా ఎగ్జామినర్‌కి ఉపయోగం లేదు. పాత పద్ధతిలో కలిపినప్పుడు కరెంటు ఎంత దూకింది, మీ పద్ధతిలో ఎంత, ఒక్క గ్రాఫ్ చాలు.

"ఇది అల్గారిథమ్, సెక్షన్ 3(కె)"

మొబైల్ యాప్, చార్జ్ అంచనా, లోడ్ పంపకం గురించి క్లెయిమ్ రాసినప్పుడు వస్తుంది. కారణం, క్లెయిమ్ లెక్కతో మొదలై లెక్కతోనే ముగియడం. లెక్క ఫలితం ఏ మాడ్యూల్ మాస్‌ఫెట్‌ని ఎప్పుడు ఆన్ చేస్తుందో, దానివల్ల ఏ వేడి తగ్గుతుందో క్లెయిమ్‌లోనే చెప్పండి. ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో సాంకేతిక ప్రభావం ఉందా లేదా చూడమంది, అక్కడి నుంచి వాదన కట్టండి. యాప్‌లో స్క్రీన్ ఎలా కనిపిస్తుందన్నది మాత్రం వదిలెయ్యండి.

"ఒకే ఆవిష్కరణ కాదు, సెక్షన్ 10(5)"

ఒకే అప్లికేషన్‌లో లాకింగ్ పిడి, మడత సోలార్ ప్యానెల్, యాప్ అన్నీ దూర్చారు. ఫీజు ఆదా అవుతుందనే ఆశ. ఒక గుంపు ఉంచుకుని మిగతావి సెక్షన్ 16 కింద డివిజనల్‌గా (మొదటిదాని నుంచి విడదీసిన వేరే అప్లికేషన్‌గా) వెయ్యండి. నిజంగా విలువున్నది ఏదో ముందు తేల్చుకోండి, అన్నింటికీ వెయ్యనక్కర్లేదు.

"స్పెసిఫికేషన్‌లో తగినంత వివరణ లేదు" లేదా "సవరణ సెక్షన్ 59కి విరుద్ధం"

చూడ్డానికి వేర్వేరు అభ్యంతరాలు, మూలం ఒకటే. మొదటి రోజు కాగితం మీద లేనిది తర్వాత చేర్చలేరు. సవరణ అంటే తగ్గించుకోవడం, సరిదిద్దడం, వివరించడం మాత్రమే. సవరించిన క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధిలోపలే ఉండాలి. ఎఫ్‌ఈఆర్ వచ్చాక "అబ్బే, మా దాంట్లో సోలినాయిడ్ ఉంది" అంటే కుదరదు, అది స్పెసిఫికేషన్‌లో ఒక్క వాక్యమైనా, ఒక్క బొమ్మలోనైనా ఉండాలి.

మన దగ్గర ఇది ఎందుకు ఎక్కువగా జరుగుతుందంటే, పేటెంట్ కాగితాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. చేసినవాళ్లు తెలుగులో నోటితో చెప్తారు, రాసేవాళ్లు వేరే ఊళ్లో కూర్చుని పాత డ్రాఫ్ట్ ఒకటి ముందు పెట్టుకుని ఇంగ్లీషులో రాసేస్తారు. పిడి సగం తిరిగినప్పుడు ఏమవుతుందో మీరు చేత్తో తిప్పి చూపిస్తారు, అది కాగితంలోకి వచ్చేసరికి "లాకింగ్ మీన్స్" అయి కూర్చుంటుంది. కాబట్టి వెయ్యకముందు డ్రాఫ్ట్‌ని ఏజెంటుతో కూర్చుని పేరా పేరాకీ తెలుగులో చెప్పించుకోండి. ఇంగ్లీషు రాకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, చదవకుండా సంతకం పెట్టడమే ప్రమాదం. వోల్టేజ్ హద్దు ఎంత, స్ప్రింగ్ ఎటు నెడుతుంది, సోలినాయిడ్ చెడిపోతే పిడి ఏమవుతుంది, ఇంకో రెండు రకాలుగా ఎలా చెయ్యొచ్చు, ఇవన్నీ రాయించండి. మీకు తెలిసిన ఉత్తమ పద్ధతి చెప్పాలని సెక్షన్ 10(4)లోనే ఉంది, దాచుకుంటే మీకే నష్టం.

చిల్లర అభ్యంతరాలు

క్లెయిముల్లో బొమ్మల నంబర్లు లేవు, సారాంశం పొడవైంది, ఫారం 26 (ఏజెంటుకి అధికారం ఇచ్చే పత్రం) లేదు లాంటివి ఒక పూటలో సరిచెయ్యొచ్చు. ఒక్కటి మాత్రం కాలేజీలవాళ్లు జాగ్రత్తగా చూడండి. విద్యార్థులు ఆవిష్కర్తలు, కాలేజీ దరఖాస్తుదారు అయినప్పుడు, హక్కు కాలేజీకి ఇచ్చినట్టు అందరి సంతకాలూ కావాలి. పిల్లలు పాసై బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లిపోయాక ఆ సంతకాల కోసం తిరగడం నరకం, అప్లికేషన్ వేసే రోజే తీసుకోండి. విదేశాల్లో కూడా వేస్తే ఫారం 3 (ఆ విదేశీ అప్లికేషన్ల వివరాలు చెప్పేది) మర్చిపోవద్దు. అక్కడ వెయ్యకముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా సెక్షన్ 39 అనుమతి తీసుకోవాలి.

జవాబిచ్చినా హియరింగ్ నోటీసు వచ్చింది

భయపడకండి. వీడియోలోనే జరుగుతుంది, చెన్నై వెళ్లక్కర్లేదు. నోటీసులో మిగిలిన అభ్యంతరాలు మాత్రమే ఉంటాయి, వాటికే సిద్ధమవ్వండి. ఏజెంటుతో పాటు మీరూ కూర్చోండి. పిడి ఎలా తిరుగుతుందో మీరు చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేరు. చిన్న మోడల్ ఉంటే పక్కన పెట్టుకోండి. హియరింగ్ తర్వాత రాతపూర్వక వాదన ఇవ్వడానికి పదిహేను రోజులే, అక్కడ చెప్పిన ప్రతి మాటా అందులో రావాలి. తిరస్కరించినా మూడు నెలల్లో హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. కానీ డివిజనల్ వేసే ఆలోచన ఉంటే మాత్రం ఆర్డర్ రాకముందే వేసెయ్యండి, వచ్చాక ఆ దారి మూసుకుపోతుంది.