నికోటిన్ గమ్‌తో సిగరెట్, చుట్ట మానడం ఎలా? మోతాదు, నమిలే పద్ధతి, తప్పు జరిగే చోట్లు

సిగరెట్ మానేద్దామని మందుల షాపులో గమ్ కొని, మూడో రోజుకే "నోరు మండుతోంది, వెక్కిళ్ళొస్తున్నాయి, దమ్ము మీద ధ్యాస మాత్రం పోలేదు" అంటూ పక్కన పడేసేవాళ్ళు ఎంతోమంది. పట్టుదల లేదని ఇంట్లోవాళ్ళు తిడతారు. ఆ తిట్టు అన్యాయం. ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు: గమ్‌ను బబుల్‌గమ్‌లా నమిలేయడం, రోజుకు సరిపడా వేసుకోకపోవడం. రెండూ సరిచేసుకోగలిగినవే.

ముందు ఒక భయం పోవాలి. "గమ్‌లోనూ నికోటినే కదా, విషానికి బదులు విషమేనా?" అని అడుగుతారు. మనిషిని అలవాటుకి కట్టిపడేసేది నికోటిన్. ప్రాణం తీసేది ప్రధానంగా కాలిన పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ తెచ్చే పదుల కొద్దీ రసాయనాలు. బ్రిటన్ వైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే ఈ రెంటినీ విడదీసి చెప్పారు. హాని తగ్గించే పరిశోధనలన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి. నికోటిన్‌ను పొగ లేకుండా, నెమ్మదిగా, కొన్నాళ్ళపాటు ఇచ్చి తర్వాత దాన్నీ తగ్గించుకుంటూ పోవడమే గమ్ చేసే పని. గమ్, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్‌లాంటివి వాడినవాళ్ళలో మానగలిగే అవకాశం 50 నుంచి 60 శాతం పెరుగుతుందని వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2018 సమీక్షలో తేలింది.

గమ్ పుట్టిన కథకీ విశాఖవాళ్ళకి బాగా తెలిసిన ఒక వస్తువుకీ సంబంధం ఉంది. 1960ల చివర్లో స్వీడన్ సబ్‌మెరైన్లలో పొగ తాగే వీల్లేక నావికులు నోట్లో పెట్టుకునే పొగాకుతో సరిపెట్టుకునేవారు. లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అది గమనించి మందుల కంపెనీలో పనిచేసే ఓవె ఫెర్నోకు చెప్పారు. గమ్ ఆలోచన అక్కడ మొదలైంది. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి ఆ ఇరుకు గదులు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

1. మీ అలవాటు ఎంత గట్టిదో లెక్కేసుకోండి

ప్రశ్నలు రెండే. నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు? 5 నిమిషాల్లోపైతే 3 మార్కులు, 6 నుంచి 30 నిమిషాల్లోనైతే 2, 31 నుంచి 60లోనైతే 1, గంట దాటితే 0. రోజుకు ఎన్ని? 10 లోపు 0, 11 నుంచి 20 వరకు 1, 21 నుంచి 30 వరకు 2, అంతకు మించితే 3. రెండూ కలిపి 2 లోపు వస్తే తేలిక, 3 లేదా 4 మధ్యస్థం, 5 లేదా 6 గట్టి అలవాటు.

ఈ రెంటిలో మొదటి ప్రశ్నకే ఎక్కువ విలువివ్వండి. రోజుకు ఏడే కాల్చినా, కళ్ళు తెరవగానే మంచం మీదే ఒకటి వెలిగించేవాళ్ళకి మానడం కష్టం. స్టీల్ ప్లాంటులో సీ షిఫ్టు దిగి పగలు పడుకునేవాళ్ళు గడియారం ఉదయాన్ని కాకుండా తాము లేచిన వేళను లెక్కలోకి తీసుకోవాలి.

మొదటిది 30 నిమిషాల తర్వాత అయితే 2 ఎంజి గమ్ చాలు. 30 నిమిషాల్లోపే అయితే 4 ఎంజి కావాలి. మన దేశంలో 2 ఎంజి చీటీ లేకుండా దొరుకుతుంది, 4 ఎంజికి డాక్టర్ చీటీ అడుగుతారు. చీటీ ఎందుకులే అని గట్టి అలవాటున్నవాళ్ళు 2 ఎంజితో మొదలుపెడితే సగంలోనే నీరుగారిపోతారు.

2. తేదీ పెట్టుకుని ఒక్కసారిగా ఆపండి

"రోజుకొకటి తగ్గిస్తా" అనడం మనసుకు హాయిగా ఉంటుంది. కానీ బ్రిటన్‌లో 697 మందితో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో ఒక్కసారిగా ఆపినవాళ్ళలో 22 శాతం, మెల్లగా తగ్గించినవాళ్ళలో 15.5 శాతం ఆరు నెలల తర్వాత కూడా మానేసే ఉన్నారు. "ఒక్కటే కదా, టిఫిన్ తర్వాత" అని ఒక్కదాని దగ్గర ఆగిపోవడం ఇంకో ఉచ్చు. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగితే గుండెకు అదనంగా వచ్చే ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ విశ్లేషణ చూపింది. ఇరవయ్యో వంతు ఉంటుందనుకుంటాం, ఉండదు.

రెండు వారాల్లోపు తేదీ ఖాయం చేసుకోండి. మొదటి వారానికి రోజుకు 10 చొప్పున 70 గమ్‌లు ముందే తెచ్చి పెట్టుకోండి. రాత్రి పదింటికి అయిపోతే మందుల షాపు కంటే కిళ్ళీ కొట్టే దగ్గరగా ఉంటుంది. ముందు రోజు రాత్రే లైటర్, యాష్‌ట్రే, బండి డిక్కీలో మరిచిన పెట్టెతో సహా ఇంట్లోంచి తీసేయండి.

3. నమిలే పద్ధతి: అసలు కిటుకు ఇక్కడే

గమ్ వేసుకోవడానికి 15 నిమిషాల ముందు నుంచీ ఏమీ తినకండి, తాగకండి. నోట్లో ఉన్నంతసేపూ అంతే. కాఫీ, కూల్‌డ్రింకు, నిమ్మరసంలాంటివి నోటిని పుల్లగా మారుస్తాయి. ఆ పులుపులో నికోటిన్ బుగ్గ లోపలి పొరలోంచి రక్తంలోకి వెళ్ళదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ బడ్డీ ముందు నిలబడి, గ్లాసు ఖాళీ చేసిన వెంటనే గమ్ వేసుకుంటే అందులో చాలా భాగం వృథా.

గమ్‌ను నెమ్మదిగా, ఒక్కో కొరుకుకీ మధ్య రెండు మూడు సెకన్లు ఆగుతూ నమలండి. పది పదిహేను సార్లకు మిరియం కొరికినట్టు ఘాటు గానీ, చిగుళ్ళలో చిమచిమ గానీ తెలుస్తుంది. ఆ క్షణాన ఆపేయండి. నాలుకతో తోసి బుగ్గకీ చిగురుకీ మధ్య ఒక మూలన పెట్టేసి మర్చిపోండి. నిమిషం గడిచాక చిమచిమ తగ్గుతుంది. మళ్ళీ నాలుగైదు సార్లు నమిలి, ఈసారి అవతలి బుగ్గన పెట్టండి. ఇలా 30 నిమిషాలు. ఎంత నమిలినా ఘాటు రానప్పుడు అందులో పని అయిపోయినట్టు.

ఊరిన ఉమ్మిని గుటకలు గుటకలుగా మింగితే నికోటిన్ కడుపులోకి పోతుంది. అక్కణ్ణుంచి రక్తంలోకి చేరకముందే చాలా భాగాన్ని కాలేయం విరిచేస్తుంది. మిగిలేవి వెక్కిళ్ళు, వికారం, గొంతు మంట. ఈ మూడూ వస్తున్నాయంటే తొందరగా నములుతున్నారని అర్థం.

సిగరెట్ పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. గమ్‌కి 20, 30 నిమిషాలు పడుతుంది. కాబట్టి దమ్ము కొట్టాలని ప్రాణం లాగేశాక వేసుకుంటే అది సమయానికి అందదు. గంటకో, రెండు గంటలకో ఒకటి చొప్పున, ఆశ పుట్టకముందే వేసుకోవాలి.

మొదటి ఆరు వారాలు ప్రతి 1–2 గంటలకు ఒకటి, రోజుకు 9కి తగ్గకూడదు, 24 దాటకూడదు. 7 నుంచి 9 వారాల్లో 2–4 గంటలకు ఒకటి. 10 నుంచి 12 వారాల్లో 4–8 గంటలకు ఒకటి. "ఎక్కువైపోతుందేమో" అని మూడింటితో ఆపేవాళ్ళ లెక్క చూడండి: ఒక సిగరెట్ నుంచి ఒంటికి 1 ఎంజి పైచిలుకు నికోటిన్ అందుతుంది. 2 ఎంజి గమ్ నుంచి అందేది సుమారు 1 ఎంజి. రోజుకు 15 తాగిన ఒంటికి మూడు గమ్‌లు ఏ మూలకి?

4. ప్యాచ్ కలపాలా?

గట్టి అలవాటున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి కలపడమే మేలు. ప్యాచ్ రోజంతా నిలకడగా ఇస్తుంది, హఠాత్తుగా వచ్చే ఆశకి గమ్ అడ్డుపడుతుంది. రెండూ కలిపితే ఒక్కదానికంటే మంచి ఫలితం ఉంటుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. రోజుకు 10కి మించి తాగేవాళ్ళకి మామూలుగా 21 ఎంజి ఆరు వారాలు, 14 ఎంజి రెండు వారాలు, 7 ఎంజి రెండు వారాలు.

మన ఊరి ఉక్కపోతలో ప్యాచ్ ఊడిపోవడం పెద్ద తలనొప్పి. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరాక, నూనె గానీ పౌడర్ గానీ తగలని చోట, భుజం పైభాగంలోనో వీపు మీదో వెంట్రుకలు లేని చర్మం మీద అంటించి అరచేత్తో 10 సెకన్లు నొక్కి పట్టండి. రోజూ చోటు మార్చండి. పీడకలలు వస్తుంటే పడుకునే ముందు తీసేయండి. తీసినదాన్ని లోపలికి మడిచి పారేయండి. వాడేసిన ప్యాచ్, నమిలేసిన గమ్ రెంటిలోనూ నికోటిన్ మిగిలే ఉంటుంది, పసిపిల్లల చేతికి చిక్కితే ప్రమాదం.

5. మొదటి వారంలో ఏమవుతుంది

చిరాకు, ఆకలి, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం వస్తాయి. మొదటి కొద్ది రోజుల్లో తారాస్థాయికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. గుండె దడ, చేతుల వణుకు మాత్రం చాలాసార్లు కాఫీ పని. పొగలోని రసాయనాలు కాలేయంలో కెఫీన్ విరిగే వేగాన్ని పెంచుతాయి. పొగ ఆగాక అవే నాలుగు కప్పులు ఒంట్లో దాదాపు రెట్టింపు ప్రభావం చూపిస్తాయి. కాబట్టి కాఫీ, టీ సగానికి తగ్గించండి. ఉబ్బసం మందు థియోఫిలిన్, మానసిక వ్యాధులకి ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్ళు మానే తేదీని డాక్టర్‌కి ముందే చెప్పి తీరాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, 18 లోపువాళ్ళు సొంతంగా గమ్ మొదలుపెట్టకూడదు.

ఒకటి కాల్చేశారనుకోండి. గమ్ ఆపకండి, ప్యాచ్ పీకకండి, ఆ రోజే కొనసాగించండి. ఒక్క సిగరెట్ తాగినందుకు మొత్తం వదిలేయడం వల్లే చాలామంది పాత లెక్కకి వెళ్ళిపోతారు. మాట్లాడే మనిషి కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, ఖర్చు లేదు. ఈ నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది. 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే సందేశాలు వస్తాయి.

వేప్‌తో (ఈ-సిగరెట్‌తో) మానొచ్చా?

పరిశోధన ఒకటి చెబుతుంది, మన చట్టం ఒకటి చెబుతుంది. బ్రిటన్‌లో 886 మందితో చేసిన 2019 ప్రయోగంలో వేప్ వాడినవాళ్ళలో 18 శాతం, గమ్, ప్యాచ్ వాడినవాళ్ళలో 9.9 శాతం ఏడాది తర్వాత సిగరెట్‌కి దూరంగా ఉన్నారు. అయితే వేప్‌తో మానినవాళ్ళలో 80 శాతం అప్పటికీ వేప్ పట్టుకునే ఉన్నారు. పైగా అక్కడ వాడినవి నికోటిన్ మోతాదు మీద పరిమితి ఉన్న సరుకు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం నేరం, మొదటిసారికే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చాటుగా అమ్మే పరికరంలో ఎంత నికోటిన్ ఉందో, ఏ ద్రవం పోశారో తనిఖీ చేసేవాళ్ళు లేరు. అమెరికాలో 2019లో ఊపిరితిత్తులు పాడై 2,800 మంది ఆసుపత్రి పాలవడానికి ముఖ్య కారణం గంజాయి సారంలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. లోపల ఏముందో తెలియకుండా పీలిస్తే వచ్చే ప్రమాదం అది. ఇక్కడ ఉన్నవాళ్ళకి గమ్, ప్యాచ్, డాక్టర్ రాసే వరెనిక్లిన్‌లాంటి మాత్రలే దారి.

ఖైనీకి మారడం కూడా హాని తగ్గించుకోవడం కాదు. స్వీడన్‌లో నోట్లో పెట్టుకునే స్నూస్ అనే పొగాకు మీద వచ్చిన ఫలితాలు మన ఖైనీకి, గుట్కాకి వర్తించవు. క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు స్నూస్‌లో తక్కువ, మన సరుకులో చాలా ఎక్కువ. గుట్కాలోని వక్క కూడా క్యాన్సర్ కారకమే.

అడ్డపొగ తాగే అమ్మలకి

విశాఖ, శ్రీకాకుళం తీరంలో చుట్టను నిప్పు కొన నోట్లోకి పెట్టి తాగే పెద్ద వయసు ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈ వేడి, పొగ నేరుగా తగిలేది అంగిలికి. ఇంకెక్కడా అంతగా కనిపించని అంగిలి క్యాన్సర్‌కి అడ్డపొగ కారణమని ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు 1950ల్లోనే రాశారు. 1971లో వెలువడిన, 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు చూసిన పరిశోధన మన రాష్ట్రంలోనే జరిగింది.

వీళ్ళకి గమ్ చాలాసార్లు కుదరదు. పళ్ళు ఊడి ఉంటాయి, కట్టుడు పళ్ళకి గమ్ అంటుకుంటుంది, పూసిన నోటికి మంట. ప్యాచ్ గానీ, చప్పరించే బిళ్ళ గానీ డాక్టర్‌ని అడగండి. "చచ్చేదాకా ఇంతేరా" అని ఆవిడ తోసిపుచ్చితే, పొగ తగ్గించినవాళ్ళలో అంగిలి మచ్చలు కూడా తగ్గాయని ఉత్తరాంధ్రలో చేసిన పరిశోధనల్లోనే కనిపించిందని చెప్పండి.

మానిన తర్వాత కూడా నెలకోసారి ఆవిణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చమని, ఫోన్ లైటుతో అంగిలి చూడండి. బూడిద రంగు మందపు పొర మీద చిన్న ఎర్ర చుక్కలు ఉంటే అవి పొగ వల్ల వాచిన గ్రంథులు కావచ్చు, ఒకసారి చూపించుకుంటే సరిపోతుంది. ఎర్రటి మచ్చ, గడ్డ, రెండు వారాల్లో మానని పుండు, ముట్టుకుంటే రక్తం, ఈ నాలుగింటిలో ఏదున్నా ఆగకుండా కేజీహెచ్‌కి (విశాఖ పెద్దాసుపత్రికి) తీసుకెళ్ళండి. నొప్పి లేదు కదా అని వాయిదా వేయకండి, మొదట్లో నొప్పి ఉండదు.