జర్మనీ బేకరీలో మొదటి ఏడాది: వరంగల్ వైపు నుంచి వచ్చేవారికి సూచనలు

హనుమకొండ, జగిత్యాల, నిజామాబాద్ వైపుల నుంచి బేకరీ అప్రెంటిస్‌లుగా జర్మనీకి వస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందుగా చెప్పవలసింది గది గురించే. ఇక్కడి బేకరీలలో పని చాలాచోట్ల రాత్రి రెండింటికో మూడింటికో మొదలవుతుంది. ఆ వేళకు చిన్న ఊళ్లలో బస్సులు నడవవు. తెలుగువారు నలుగురున్న పట్నమైతే దిగులుండదని నేను మొదట పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో గది తీసుకొని, ఆఖరి బస్సుకు వచ్చి, బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కునుకు తీస్తూ రెండు నెలలు గడిపాను. సైకిలు మీద పావుగంటలో చేరగల చోటు చూసుకోండి. సైకిలుకు ముందూ వెనుకా దీపాలు ఉండటం చట్టం ప్రకారం తప్పనిసరి. గదికి అడ్వాన్సుగా మూడు నెలల అసలు అద్దెకు (నీరు, వేడి వంటి ఖర్చులు కలపని అద్దెకు) మించి తీసుకోరాదు.

గదిలో దిగిన రెండు వారాలలోపు ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి; దీనిని 'ఆన్‌మెల్డుంగ్' అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం వెంట ఉండాలి. జీతానికి అవసరమైన పన్ను సంఖ్య ఆ తరువాతే తపాలాలో వస్తుంది. తినే వస్తువులను తాకే పని కనుక, పనిలో చేరకముందే ఆరోగ్య శాఖ వారి శుభ్రత పాఠం విని పత్రం తీసుకోవాలి. చేరేనాటికి అది మూడు నెలలకన్నా పాతదై ఉండకూడదు.

మన ప్రాంతంలో గల్ఫ్‌కు పోయినవారు లేని ఊరు అరుదు కనుక, ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ దొరికిన పని మరొకటి అన్న అనుభవం మన ఇళ్లకు కొత్త కాదు. ఇక్కడ ఒప్పందం మీకూ బేకరీకీ మధ్య కుదురుతుంది, దానిని 'హాండ్‌వెర్క్స్‌కామర్' అనే వృత్తి మండలిలో నమోదు చేస్తారు. ఆ నమోదు జరిగిందో లేదో అడిగి తెలుసుకోవడం మర్యాద తప్పినట్టు కాదు. శిక్షణ మూడేళ్లు. మొదటి ఒకటి నుంచి నాలుగు నెలలు పరీక్షా కాలం; ఆ గడువులో ఇరువైపులా ఎవరైనా కారణం చెప్పకుండానే విరమించుకోవచ్చు. 2025లో మొదలైన శిక్షణకు మొదటి ఏడాది చట్టబద్ధమైన కనీస భృతి నెలకు 682 యూరోలు. చాలా బేకరీలు ఇంతకన్నా ఎక్కువ ఇస్తాయి. అద్దె, ఆరోగ్య బీమా పోగా మిగిలేది స్వల్పం కాబట్టి మొదటి ఏడాది ఇంటికి డబ్బు పంపుతానని మాట ఇవ్వకండి.

ఇక పిండి విషయం. మన దగ్గర మైదా అన్న ఒక్క మాటతో సరిపోతుంది గాని, ఇక్కడ సంచి మీద 405, 550, 1050 వంటి అంకెలు ఉంటాయి. వంద గ్రాముల పిండిని కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగినకొద్దీ పొట్టు భాగం ఎక్కువ, రంగు ముదురు. మన మైదాకు దగ్గరగా ఉండేది 405. కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది 'రై' అనే ధాన్యపు పిండి. గోధుమ పిండిలా ఎంత పిసికినా అది సాగదు, చేతికి అంటుకుంటుంది. నాకు మాత్రం అమ్మ జొన్నరొట్టె చేయడం గుర్తుకు వచ్చింది: సాగని పిండిని బలంతో లొంగదీయలేమని, నీటితో, అరచేతి ఒడుపుతో దారికి తెచ్చుకోవాలని తెలిసినవారికి రై త్వరగా పట్టుబడుతుంది. పెరుగుకు తోడు దాచినట్టు, పులిసిన పిండిలో కొంత మిగిల్చి మరునాటికి వాడతారు. ఆ పులుపు రుచికోసమే కాదు. పులుపు లేకపోతే రై రొట్టె లోపల జిగటగా మిగిలిపోతుంది. ముడి ఆకారంలో చేసే 'బ్రెట్సెల్' అనే రొట్టెను కాల్చే ముందు ముంచే ద్రావణం కాస్టిక్ సోడాది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాని దగ్గరకు పోవద్దు. పిండి దుమ్ము వల్ల వచ్చే ఆస్తమా ఈ వృత్తిలో పేరుపడ్డ జబ్బు కనుక పిండిని ఎత్తి విసరకుండా, మెల్లగా ఒంపడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

వీసాకోసం నేర్చిన భాష బేకరీలో సరిపోవచ్చు గాని, శిక్షణలో భాగంగా వెళ్లే వృత్తి పాఠశాలలో చాలదు. రోజువారీ పని రాసే పుస్తకాన్ని ఎవరిదో చూసి నింపకుండా సొంత మాటల్లో రాయండి. అది లేకుండా చివరి పరీక్షకు కూర్చోనివ్వరు.

నిద్ర సాయంత్రం అయిదింటికి మొదలుపెట్టవలసి వస్తుంది. చలికాలంలో మనకూ ఇక్కడికీ నాలుగున్నర గంటల తేడా ఉండటం వల్ల, అప్పుడు వరంగల్‌లో రాత్రి తొమ్మిదిన్నర, అంటే ఇంట్లోవాళ్లు భోజనాలు ముగించి ఫోన్ చేసే వేళ. ఆ వేళకు చేయవద్దని ముందే చెప్పి, మీరే రాత్రి రెండింటికి పనిలోకి వెళ్లేముందు ఫోన్ చేయండి. అప్పటికి అక్కడ ఉదయం ఆరున్నర, అమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టి ఉంటుంది.